16 అంగుళాల చక్రాలు వేసినా బండి కిందికే ఎందుకు దిగింది?

నిజాంపేట్_స్విఫ్ట్
సెకండ్ హ్యాండ్‌లో స్విఫ్ట్ తీసుకున్నాను. 2019 మోడల్, వీఎక్స్ఐ పెట్రోల్. ముందు ఓనర్ కంపెనీ ఇచ్చిన 14 అంగుళాల ఇనప రిమ్ములు తీసేసి 16 అంగుళాల అలాయ్‌లు వేయించాడు, టైర్ మీద 195/50 ఆర్16 అని ఉంది. చూడ్డానికి బండి చాలా బాగుంది, అందులో సందేహం లేదు. కానీ మా కాలనీ స్పీడ్ బ్రేకర్ ఎక్కితే చాలు, అడుగున గర్రుమని గీసుకుంటోంది. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, అమ్మ కలిసి బయల్దేరితే సెల్లార్ ర్యాంప్ దగ్గర రోజూ టెన్షనే. మా తమ్ముడిదీ అదే మోడల్, 14 అంగుళాల చక్రాలే, అదే ర్యాంప్ మీద అంతే జనంతో హాయిగా ఎక్కేస్తుంది. చక్రం పెద్దదైతే బండి ఎత్తు పెరగాలి కదా? నాది 16, వాడిది 14, మరి నాదెందుకు తగులుతోంది? టైర్ల షాపులో అడిగితే "17 వేయండి సార్, లేస్తుంది" అన్నాడు. డబ్బు పెట్టే ముందు ఇక్కడ అడుగుదామని రాస్తున్నా.

మల్కాజిగిరి_88
17 జోలికి మాత్రం వెళ్ళకండి. తెలిసినవాళ్ళు వస్తారు, కాస్త ఆగండి.

ఓఆర్ఆర్_రైడర్
స్ప్రింగులు కూర్చుండిపోయి ఉంటాయి, ఇంకేం లేదు. 2019 బండి అంటున్నారు, మన రోడ్ల మీద ఇన్నేళ్ళు తిరిగాక స్ప్రింగులు కొత్తవాటిలా ఎలా ఉంటాయి? టైర్లను అనవసరంగా అనుమానించకండి.

లెక్కల_మాస్టారు
స్ప్రింగుల సంగతి తర్వాత చూద్దాం, ముందు టైర్ మీద రాసింది చదువుదాం. 195/50 ఆర్16లో 16 అనేది రిమ్ము కొలత మాత్రమే, మొత్తం చక్రానిది కాదు. రిమ్ము చుట్టూ రబ్బరు ఎంత ఎత్తుందో మధ్య అంకె చెబుతుంది. 50 అంటే వెడల్పు 195 మి.మీ.లో 50 శాతం, అంటే 97.5 మి.మీ. రిమ్ముకి పైన ఒకటి, కింద ఒకటి కాబట్టి రెండు కలిపి 195. రిమ్ము 16 అంగుళాలంటే 406.4 మి.మీ. మొత్తం చక్రం 601.4 మి.మీ.

ఇప్పుడు మీ తమ్ముడి బండికి కంపెనీ ఇచ్చిన 165/80 ఆర్14 చూడండి. 165లో 80 శాతం 132, రెండు వైపులా కలిపి 264, రిమ్ము 355.6, మొత్తం 619.6 మి.మీ. అంటే ఆ 14 అంగుళాల చక్రమే మీ 16 అంగుళాల చక్రం కంటే 18 మి.మీ. పెద్దది! బండి ఎత్తుకు లెక్కలోకి వచ్చేది ఇరుసు కింద ఉన్న సగమే కాబట్టి మీ బండి 9 మి.మీ. కిందికి దిగింది. రిమ్ము పెరిగింది, రబ్బరు అంతకంటే ఎక్కువ తగ్గింది.

ఆ షాపు అతన్ని 17లో ఏ సైజు వేస్తాడో అడగండి. 205/40 ఆర్17 అంటే మాత్రం 431.8 ప్లస్ 164, మొత్తం 595.8. బండి లేవడం కాదు, ఇంకో 3 మి.మీ. దిగుతుంది.

నిజాంపేట్_స్విఫ్ట్
మాస్టారూ, కళ్ళు తెరిపించారు. కానీ 9 మి.మీ. అంటే చిటికెన వేలు మందం కూడా లేదు, దానికే ఇంత గీసుకుంటుందా?

ఆటోనగర్_మేస్త్రి
చాలు సార్, 9 మి.మీ. బోలెడు. అడుగు తగిలే బండికీ తగలని బండికీ తేడా ఎప్పుడూ అంతే ఉంటది. స్విఫ్ట్ అడుగుకీ నేలకీ మధ్య ఖాళీ, అదే గ్రౌండ్ క్లియరెన్స్, కంపెనీ చెప్పింది 163 మి.మీ. ఐదుగురు ఎక్కి స్ప్రింగులు నొక్కుకుని, పైగా బ్రేకర్ దిగేటప్పుడు బ్రేక్ వేస్తే ముందుభాగం ఇంకా వంగుతది. అప్పుడు మిగిలేది ఎంతని? అందులో 9 పోతే తెలుస్తది.

టైరా, స్ప్రింగా అని ఇక్కడ వాదించుకోవడం ఎందుకు, టేపు పట్టుకుని రెండు బండ్లూ కొలవండి. రెండింటినీ ఒకే చదును నేల మీద, ఖాళీగా పెట్టండి. గాలి సరిగ్గా ఉందో చూసుకోండి. చక్రం నడిమధ్య నుంచి నేల వరకు ఒక కొలత, అదే నడిమధ్య నుంచి పైన ఫెండర్ అంచు (చక్రం మీద రేకు అంచు) వరకు ఇంకో కొలత. కింది కొలతలో తేడా వస్తే అది టైరుది. పై కొలతలో తేడా వస్తే అది స్ప్రింగుది. ముందు చక్రం, వెనక చక్రం విడిగా రాసుకోండి. లిఫ్టు మీదికి ఎక్కించాల్సిన పని కూడా లేదు.

ఓఆర్ఆర్_రైడర్
ఇది బాగుంది మేస్త్రి గారూ. కొలవనీయండి, నా మాట నిలబడుతుందో లేదో చూద్దాం.

ఈసీఐఎల్_పద్మ
ఎత్తు గురించే మాట్లాడుతున్నారు కానీ రబ్బరు తగ్గితే ఇంకో బాధ ఉంది. మా ఆఫీసులో ఒకాయన హ్యాచ్‌బ్యాక్‌కి ఇలాగే 50 సిరీస్ టైర్లు వేయించుకున్నాడు. వానాకాలంలో నీళ్ళ కింద మ్యాన్‌హోల్ గుంట కనపడలేదు, ఎడమవైపు ముందు టైరు దిగబడింది. మర్నాటికి టైరు పక్కన నిమ్మకాయంత ఉబ్బు. లోపల తాళ్ళు తెగిపోయాయి, పంక్చర్ వేసేది కాదు, పారేయడమే. రిమ్ము అంచు కూడా వంగింది. మన ఊళ్ళో రోడ్డు మట్టం ఒకచోట, మ్యాన్‌హోల్ మూత ఒకచోట ఉంటాయి. రబ్బరు ఎత్తు ఉంటే ఆ దెబ్బ అదే తినేస్తుంది, లేకపోతే రిమ్ము తినాలి.

సైనిక్‌పురి_డ్రైవర్
పద్మ గారితో నూటికి నూరు ఒప్పుకుంటా.

గచ్చిబౌలి_గేర్
అందరూ పెద్ద రిమ్ములను తిడుతున్నారు, నేను కొంచెం అడ్డుపడతా. వెడల్పు టైరు, తక్కువ సైడ్‌వాల్ (రిమ్ము చుట్టూ రబ్బరు ఎత్తు) ఉంటే మలుపుల్లో బండి గట్టిగా పట్టుకుంటుంది. స్టీరింగ్ తిప్పగానే తిరుగుతుంది, ఊగదు. ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద ఆ తేడా చాలా హాయిగా ఉంటుంది. నేను నాలుగేళ్ళుగా 16 మీదే తిరుగుతున్నా, ఒక్క రిమ్ము కూడా వంగలేదు. సైజు లెక్క చూసి వేసుకోవాలి, అంతే.

ఈసీఐఎల్_పద్మ
మీకు గచ్చిబౌలి నుంచి ఆఫీసు దాకా నున్నటి రోడ్డే కదా. ఒకసారి కుషాయిగూడ లోపలి సందుల్లోకి రండి, టీ ఇప్పిస్తా, రిమ్ము సంగతీ చూద్దాం.

గచ్చిబౌలి_గేర్
టీకి తప్పకుండా వస్తా. బైక్ మీద.

సీఎన్‌జీ_వ్యాగన్‌ఆర్
నా కేసు కూడా రాస్తా. నాది వ్యాగన్ఆర్, 155/80 ఆర్13. దాని మొత్తం 578. పై వేరియంట్లో వచ్చే 165/70 ఆర్14 వేస్తే 586.6, అంటే 4 మి.మీ. లేస్తుంది. అదే వేయించాను, కానీ డిక్కీలో సీఎన్‌జీ సిలిండర్ ఉంది కాబట్టి వెనకభాగం దిగడం ఆగలేదు. చివరికి వెనక స్ప్రింగు చుట్ల మధ్య రబ్బరు బఫర్లు పెట్టించాను. ఇప్పుడు తగలడం లేదు. స్విఫ్ట్ అన్నా, నువ్వూ బఫర్లు పెట్టించు, టైర్ల ఖర్చు మిగులుద్ది.

ఆటోనగర్_మేస్త్రి
అన్నా, నీకు సిలిండర్ బరువు ఎప్పుడూ ఉంటది కాబట్టి కొంత నప్పింది. అందరికీ చెప్పకు. బఫర్ పెడితే ఆ చుట్టు కదలకుండా అయిపోతది, మిగతా చుట్లు ఆ పనంతా చేయాలి. స్ప్రింగు బిగుసుకుపోయి ఖాళీ బండి ఎగిరెగిరి పడతది, బరువంతా మిగతా చుట్ల మీదే పడితే విరిగేది కూడా ఉంటది. పైగా అది బండిని పెద్దగా లేపదు, జనం ఎక్కినప్పుడు కూర్చోకుండా ఆపుతది, అంతే. స్ప్రింగు బాగాలేకపోతే స్ప్రింగే మార్చాలి.

సీఎన్‌జీ_వ్యాగన్‌ఆర్
సరే మేస్త్రి గారూ, ఖాళీగా వెళ్తే ఎగరడం మాత్రం నిజమే.

పాత_మారుతి
చక్రం చిన్నదైతే బండి కిందికే ఉంటుందని కూడా అనుకోకండి. టాటా నానోకి 12 అంగుళాల రిమ్ములే, ముందు 135/70, వెనక 155/65. చక్రం మొత్తం అర మీటరు అటూ ఇటూ. అయినా గ్రౌండ్ క్లియరెన్స్ 180 మి.మీ. ఇంజిన్ వెనక పెట్టి, అడుగును ఎత్తులో అమర్చారు కాబట్టి. స్విఫ్ట్ చక్రం దానికంటే 11 సెంటీమీటర్లు పెద్దది, క్లియరెన్స్ మాత్రం తక్కువ. బండి అడుగున ఏది అన్నిటికంటే కిందికి వేలాడుతోంది, సస్పెన్షన్ ఎంత ఎత్తులో కూర్చోబెట్టారు అన్నదే ముఖ్యం. టైరు మారిస్తే దానికి అటో ఇటో కొన్ని మిల్లీమీటర్లు కలుస్తాయి, అంతకు మించి కాదు.

మల్కాజిగిరి_88
నానో నీళ్ళలో కూడా బాగా వెళ్ళేది. మా బాబాయి దగ్గర ఇంకా ఉంది, అమ్మమంటే అమ్మడు.

ఉప్పల్_సివిల్
మీరంతా బండిని కొలుస్తున్నారు, బ్రేకర్‌ను ఎవరూ కొలవడం లేదు. నేను రోడ్ల పనుల్లో ఉంటాను కాబట్టి చెబుతా. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఐఆర్‌సీ 99 ప్రకారం గుండ్రటి స్పీడ్ బ్రేకర్ వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు ఉండాలి. గంటకు 25 కి.మీ. వేగంతో సాఫీగా దాటేలా లెక్కగట్టిన ఆకారం అది. ఆ వంపు వ్యాసార్ధం సుమారు 17 మీటర్లు. స్విఫ్ట్ ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 2.45 మీటర్లు. బండి సరిగ్గా బ్రేకర్ మధ్యలో ఉన్నప్పుడు నాలుగు చక్రాలూ ఆ వంపు మీదే ఉంటాయి, అంటే అవి కూడా లేచే ఉంటాయి. బండి కడుపు కింద పొడుచుకు వచ్చేది నాలుగున్నర సెంటీమీటర్లు కూడా ఉండదు. మీ 195/50తో కూడా ఏ ఇబ్బందీ లేకుండా దాటేస్తుంది.

ఇప్పుడు మన కాలనీల్లో వేసేది చూడండి. రెండు తట్టల కాంక్రీటు పోసి, అర మీటరు వెడల్పు, 15 సెంటీమీటర్ల ఎత్తు, నిటారుగా లేపుతారు. ముందు చక్రాలు దిగిపోయి, వెనకవి ఇంకా ఎక్కకముందు, నాలుగు చక్రాలూ చదును నేల మీదే ఉంటాయి, ఆ 15 సెంటీమీటర్ల గట్టు మొత్తం కడుపు కిందే ఉంటుంది. 163 మి.మీ. బండిలో ఐదుగురు కూర్చుంటే తగలక ఏం చేస్తుంది? స్కూలు దగ్గర బ్రేకర్ ఉండాల్సిందే, కాదనను. కానీ ఇలా కట్టిన గట్టు పిల్లలను కాపాడటమేమో గానీ టూవీలర్ వాళ్ళను పడగొడుతోంది, అంబులెన్స్‌లో ఉన్న రోగి నడుము విరగ్గొడుతోంది. నిజాంపేట్ గారూ, మీ బ్రేకర్ ఎత్తు కూడా కొలవండి. కాలనీ సంఘం వాళ్ళతో మాట్లాడి దాన్ని సరిచేయిస్తే మీ ఒక్కరికే కాదు, వీధి మొత్తానికి మేలు.

సైనిక్‌పురి_డ్రైవర్
ఈ పోస్టు ప్రింటు తీసి మా కాలనీ నోటీసు బోర్డు మీద పెడతా, అభ్యంతరం లేకపోతే.

ఉప్పల్_సివిల్
పెట్టండి, సంతోషం.

నిజాంపేట్_స్విఫ్ట్
ఆదివారం తమ్ముణ్ణి పిలిచి కొలిచాం. ముందు చక్రం: మధ్య నుంచి నేలకి నాది 28.3 సెం.మీ., వాడిది 29.2. మధ్య నుంచి ఫెండర్ అంచుకి నాది 36.6, వాడిది 36.8. వెనక చక్రం: నేలకి నాది 28.6, వాడిది 29.5. ఫెండర్‌కి నాది 35.8, వాడిది 37. బ్రేకర్ ఎత్తు 14 సెం.మీ., వెడల్పు నా రెండు చెప్పులంత!

లెక్కల_మాస్టారు
ముందూ వెనకా కింది కొలతలో 9 మి.మీ. తేడా. లెక్క కాగితం మీదున్నట్టే నేల మీదా వచ్చింది. వ్యాసంలో సగం 301 రావాలి, 283 ఎందుకు వచ్చిందని ఎవరైనా అడుగుతారేమో, బరువుకి టైరు అడుగున నొక్కుకుంటుంది, అందుకే.

ఓఆర్ఆర్_రైడర్
వెనక పై కొలతలో 12 మి.మీ. తేడా చూశారా? స్ప్రింగులని నేను మొదటి రోజే చెప్పాను. మాస్టారి మాటా నిలబడింది, నా మాటా నిలబడింది.

ఆటోనగర్_మేస్త్రి
కొంచెం ఆగండి. ముందు 2 మి.మీ., వెనక 12. ఒక్క వెనకాలే ఇంత దిగిందంటే డిక్కీలో ఏముందో చూడాలి. ఏమన్నా బరువు ఉందా సార్?

నిజాంపేట్_స్విఫ్ట్
ముందు ఓనర్ పెట్టిన వూఫర్ బాక్సు ఉంది. చెక్క పెట్టె, యాంప్లిఫయర్, అన్నీ కలిపి. పిల్లలకు ఇష్టమని తీయలేదు.

ఆటోనగర్_మేస్త్రి
ఖాళీగా పెట్టి కొలవమన్నది అందుకే సార్. దింపేసి, బండిని ఒక రౌండు నడిపి వచ్చి మళ్ళీ కొలవండి. నిలబెట్టిన చోటే కొలిస్తే స్ప్రింగు పూర్తిగా లేవదు.

గచ్చిబౌలి_గేర్
వూఫర్ తీయకండి, అమ్మగారిని ముందు సీట్లో కూర్చోబెట్టండి. :)

నిజాంపేట్_స్విఫ్ట్
పెట్టె దింపాక వెనక పై కొలత 36.5 వచ్చింది. తమ్ముడిది 37.

ఓఆర్ఆర్_రైడర్
అంటే స్ప్రింగు 5 మి.మీ.కే బాధ్యత వహిస్తుంది, మిగతా 7 వూఫర్‌ది. ఒప్పుకుంటున్నా, 5 మి.మీ.కి స్ప్రింగులు మార్చనక్కర్లేదు.

చాదర్‌ఘాట్_చక్రం
మరి ఏ టైరు వేయాలి అన్నది ఎవరూ చెప్పలేదు. నా మాట వినండి, 185/70 ఆర్14 వేయండి. స్విఫ్ట్‌లకు చాలామంది అదే వేసుకుంటారు, వెడల్పు వస్తుంది, ఎత్తూ వస్తుంది.

లెక్కల_మాస్టారు
వెడల్పు వస్తుంది, ఎత్తు రాదు. 185/70 ఆర్14 మొత్తం 614.6. కంపెనీ సైజు కంటే 5 మి.మీ. తక్కువ, బండి రెండున్నర మి.మీ. దిగుతుంది. ఇప్పుడున్న 195/50 కంటే మేలే, అది నిజం. కానీ "లేస్తుంది" అనడం తప్పు.

కంపెనీ వాళ్ళే స్విఫ్ట్ పై వేరియంట్ జెడ్ఎక్స్ఐకి ఇచ్చిన 185/65 ఆర్15 చూడండి: 381 ప్లస్ 240.5, మొత్తం 621.5. 165/80 ఆర్14కి కేవలం 2 మి.మీ. తేడా. 14 వేసినా 15 వేసినా బండి ఎత్తు మారకూడదనే ఆ సైజు ఎంచుకున్నారు. రిమ్ము ఒక అంగుళం పెంచితే రబ్బరు అంత తగ్గించాలి, మొత్తం వ్యాసం అలాగే ఉండాలి. మీ ముందు ఓనర్‌కి టైర్లు అమ్మినవాళ్ళు ఈ ఒక్క సూత్రమే పట్టించుకోలేదు.

ఇప్పుడున్న 16 రిమ్ములు అమ్మడం ఇష్టం లేకపోతే వాటి మీదే 195/55 ఆర్16 వేయండి. 406.4 ప్లస్ 214.5, మొత్తం 620.9. కంపెనీ ఎత్తు తిరిగి వచ్చేస్తుంది. హ్యుందాయ్ ఐ20 పై వేరియంట్‌కి వచ్చే సైజే కాబట్టి దొరకడం కష్టం కాదు.

చాదర్‌ఘాట్_చక్రం
ఇంకాస్త పెద్దది వేసి బండిని లేపేస్తే? 175/80 ఆర్14 అనుకోండి.

లెక్కల_మాస్టారు
అది 635.6. బండి 8 మి.మీ. లేస్తుంది, నిజమే. వ్యాసం రెండున్నర శాతం పెరుగుతుంది, సాధారణంగా 3 శాతం దాటొద్దంటారు కాబట్టి లోపలే ఉంది. కానీ అప్పుడు స్పీడోమీటర్ తక్కువ చూపిస్తుంది. సుమారు 97 చూపిస్తుంటే నిజంగా వెళ్ళేది 100 అవుతుంది. కంపెనీలు మీటరును కాస్త ఎక్కువ చూపించేలా పెడతాయి కాబట్టి కొంత సర్దుకుంటుంది. పైగా గేరింగ్ పొడుగై, సెకండ్ గేర్‌లో ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు బండి మందంగా ఉంటుంది. చక్రం స్టీరింగ్ చివరిదాకా తిప్పితే లోపల ప్లాస్టిక్ లైనర్‌కి తగులుతుందేమో కూడా చూసుకోవాలి.

ఓఆర్ఆర్_రైడర్
దీనికి తోడు ఇంకోటి. నిజాంపేట్ గారూ, మీ ఇప్పటి చిన్న చక్రంతో మీటరు ఎక్కువ చూపిస్తుంది. ఓఆర్ఆర్ మీద కార్లకు 2023 నుంచి 120 దాకా అనుమతి ఉంది కదా, మీటరు 100 దగ్గర నిలిపి ఫోన్లో జీపీఎస్ వేగం చూడండి, బాగా తక్కువ వస్తుంది. కిలోమీటర్లు కూడా 3 శాతం ఎక్కువ తిరుగుతున్నాయి. మీటరు లెక్కన మైలేజ్ 18 వచ్చిందనుకుంటే అసలు వచ్చింది పదిహేడున్నరే.

నిజాంపేట్_స్విఫ్ట్
అందుకేనా తమ్ముడి కంటే నాకు మైలేజ్ బాగుందని సంబరపడుతున్నాను!

ఈసీఐఎల్_పద్మ
టైరు అరుగుదల కూడా కలపండి. కొత్త టైరు గాడి లోతు ఏడెనిమిది మి.మీ. ఉంటుంది, 1.6కి వస్తే మార్చేయాలి. అంటే నున్నగా అరిగిన టైరు దానంతటదే బండిని 6 మి.మీ. దించేస్తుంది. గీసుకోవడం ఈమధ్యే పెరిగిందంటే ముందు గాడి చూసుకోండి.

మియాపూర్_మీటర్
గాలి ఎక్కువ కొట్టిస్తే లేవదా? 40 పీఎస్ఐ కొట్టిస్తే?

ఆటోనగర్_మేస్త్రి
వద్దు తమ్ముడూ. లేచేది ఒకటి రెండు మి.మీ., పోయేది బ్రేకింగ్. టైరు మధ్యలోనే అరుగుతది, వానలో జారతది. డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ ఉంటది, ఖాళీకి ఎంత, ఫుల్ లోడ్‌కి ఎంత అని. ఊరెళ్ళేటప్పుడు లోడ్‌ది కొట్టించు. తక్కువ గాలితో తిరగకపోతే చాలు.

సైనిక్‌పురి_డ్రైవర్
టైరు కొనేటప్పుడు సైజు పక్కనున్న లోడ్ అంకె కూడా చూడాలి, ఎవరూ రాయలేదు. 165/80 ఆర్14 మీద 85 ఉంటే ఒక్కో టైరు 515 కిలోలు మోస్తుంది. 195/50 ఆర్16లో 84 రకం ఉంది, అది 500 కిలోలే. చూడ్డానికి వెడల్పుగా, గట్టిగా ఉంది, మోసేది మాత్రం కంపెనీ సన్న టైరు కంటే తక్కువ. 195/55 ఆర్16లో 87 వస్తుంది, 545 కిలోలు.

నిజాంపేట్_స్విఫ్ట్
చూశాను, నా టైర్ల మీద 84వీ అని ఉంది.

సైనిక్‌పురి_డ్రైవర్
అయితే మార్చేయడమే మంచిది, ఐదుగురు రోజూ ఎక్కుతున్నారు కాబట్టి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. కొత్తవి కొనేటప్పుడు అదీ చూడండి, పాత స్టాకు అంటగట్టకుండా.

మల్కాజిగిరి_88
సైజు మారిస్తే ఇన్సూరెన్స్, ఆర్టీఏ గొడవ ఉండదా?

ఉప్పల్_సివిల్
మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకు, కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగా చెప్పింది. అందుకే అదే మోడల్‌లో కంపెనీ ఇంకో వేరియంట్‌కి ఇచ్చిన సైజు వేసుకోవడం అన్నిటికంటే నిశ్చింత. స్విఫ్ట్‌కి అది 185/65 ఆర్15. 16 ఉంచుకుంటే ఇన్సూరెన్స్ వాళ్ళకు అలాయ్‌ల సంగతి రాతపూర్వకంగా చెప్పి ఉంచండి.

గచ్చిబౌలి_గేర్
నా ఓటు 195/55 ఆర్16కే. రిమ్ములు ఉన్నాయి, ఎత్తు వస్తుంది, అందం పోదు. వేసే ముందు రిమ్ము ఆఫ్‌సెట్, అంటే చక్రం ఎంత లోపలికి, ఎంత బయటికి కూర్చుంటుందో చూడండి. చక్రం ఫెండర్ బయటికి పొడుచుకు వచ్చి ఉంటే, నిండుగా జనం ఎక్కినప్పుడు 10 మి.మీ. పెరిగిన టైరు ఫెండర్ అంచుకి రాసుకుంటుంది.

ఈసీఐఎల్_పద్మ
నా ఓటు 185/65 ఆర్15. రబ్బరు 120 మి.మీ. ఉంటుంది, గుంటలకు 195/55లో ఉన్న 107 కంటే మేలు. టైర్లూ చవక.

సీఎన్‌జీ_వ్యాగన్‌ఆర్
నా ఓటు పాత 14కి. తమ్ముడిది చూశాం కదా, తగలడం లేదు.

నిజాంపేట్_స్విఫ్ట్
ఇంట్లో మాట్లాడుకున్నాం. 16 అలాయ్‌లు అమ్మేసి 15 అంగుళాల అలాయ్‌లు, 185/65 టైర్లు వేయిద్దామనుకుంటున్నాం. పుత్లీబౌలిలో సెకండ్ హ్యాండ్ సెట్ ఒకటి చూశాను, నాలుగు బోల్టులవి, మన బండికి సరిపోతాయా?

ఆటోనగర్_మేస్త్రి
నాలుగు బోల్టులు ఉంటే చాలదు సార్, పీసీడీ 4 బై 100 ఉండాలి, అంటే నాలుగు బోల్టుల వలయం వ్యాసం 100 మి.మీ. మధ్య రంధ్రం 54.1 మి.మీ. ఉండాలి, పెద్దది ఉంటే సెంటర్ రింగు వేయించుకోండి, లేకపోతే 80 దాటితే స్టీరింగ్ వణుకుతది. సెకండ్ హ్యాండ్ రిమ్ము కొనే ముందు బ్యాలెన్సింగ్ మెషిన్ మీద ఖాళీ రిమ్ము తిప్పి చూపించమనండి. వంకర ఉంటే అంచు ఊగుతూ కనపడతది. వెల్డింగ్ చేసిన మచ్చ ఉంటే ముట్టుకోకండి. వేశాక అలైన్‌మెంట్ చేయించండి.

మియాపూర్_మీటర్
స్టెప్నీ పరిస్థితి ఏంటి? డిక్కీలో పాత 14 అంగుళాలదే ఉంటుంది కదా, 15 మధ్యలో అది వేస్తే బండి ఒక పక్కకి ఒరగదా?

లెక్కల_మాస్టారు
619.6కి, 621.5కి తేడా ఎత్తులో ఒక్క మి.మీ. కూడా లేదు, కంటికి కనపడదు. ఇప్పుడున్న 195/50తో అయితే 9 మి.మీ. తేడా. అది ముందు చక్రానికి వేసి దూరం వెళ్తే డిఫరెన్షియల్ (మలుపుల్లో రెండు చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్లు) తిన్నగా వెళ్తున్నప్పుడు కూడా పనిచేస్తూనే ఉంటుంది. టైర్లు మార్చేలోపు ముందు పంక్చర్ అయితే, వెనక మంచి చక్రం ముందుకి తెచ్చి స్టెప్నీ వెనక వేయండి.

ఆటోనగర్_మేస్త్రి
నట్లు కూడా చూసుకోండి సార్. అలాయ్‌లకు విడిగా కొన్న నట్లు ఇనప రిమ్ము రంధ్రంలో సరిగ్గా కూర్చోకపోవచ్చు. కంపెనీ నట్లు నాలుగు స్టెప్నీ పక్కనే ఒక కవర్లో వేసి ఉంచండి. ఇంకోటి, స్విఫ్ట్ నట్టు మర 12 బై 1.25, హ్యుందాయ్‌ది 12 బై 1.5, షాపులో కలిపేసి ఇస్తుంటారు. చేత్తో నాలుగు చుట్లు సాఫీగా తిరగాలి, తిరగకపోతే స్పానర్ పెట్టొద్దు. కొత్త చక్రాలు వేశాక 100 కిలోమీటర్ల లోపు ఒకసారి మళ్ళీ బిగింపు చూపించుకోండి.